ఐదిళ్ల గింజలు

సజ్జలు నానబెట్టడం ఒక రాత్రి పని. పొద్దున్నే నీళ్లు వంచేసి, తడిగుడ్డలో మూటగట్టి, వంటింటి కొక్కేనికి వేలాడదీయాలి. మరునాటికి తెల్లగా మొలక కనిపిస్తుంది. ఎండలో వేయకూడదు, నీడపట్టున ఆరబెట్టాలి. ఆరాక అరచేతుల మధ్య నలిపితే మొలకలు రాలిపోతాయి. చేటతో చెరిగి, మట్టి పెంకులో దోరగా వేయించి, తిరగట్లో విసిరి, పాత చీర గుడ్డలో జల్లించాలి. ఇంత పెసరపప్పు, నాలుగు వేరుశెనగ గింజలు కూడా వేయించి కలిపితే మరీ మంచిది. పళ్లు రాని బిడ్డకు ఆ పిండితో జావ కాచాలి. పళ్లు వస్తున్న బిడ్డకైతే పిండిని బెల్లం నీళ్లతో తడిపి, కుండ మీద గుడ్డ వాసెన కట్టి, ఆవిరి మీద వేలెడంత కుడుములు ఉడికించాలి. వేలెడంతే ఎందుకంటే, అంతయితేనే బిడ్డ పిడికిట్లో ఇముడుతుంది, పట్టుకుని తనే చీక్కుంటుంది, తల్లి చేతులు రెండూ పనికి మిగులుతాయి. ఈ చివరి మాట నాది కాదు, చెన్నమ్మది. ఈ పనంతా నాకు నేర్పింది చెన్నమ్మే. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఒప్పుకోలేదు.

మాది నరసరావుపేటలో ధాన్యం కొట్టు. మాది అనడం అలవాటు. కొట్టు మా మామగారు లక్ష్మీనరసయ్యగారిది, ఆయన తర్వాత మా ఆయనది. మా ఆయన పేరు కామేశం. నోటితో అనను గానీ రాయడానికి అడ్డేముంది. ముందు కొట్టు, నడుమ ఇల్లు, వెనక గోడౌను. పద్నాలుగో ఏట దాచేపల్లి నుంచి ఈ ఇంటికి వచ్చాను. అమ్మ అప్పటికే లేదు కాబట్టి పురుళ్లన్నీ ఇక్కడే. పన్నెండు మందికి రెండు పూటలా వంట నాది. అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉన్నది నాది. బాలింతకు పథ్యమని చెప్పి పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం తప్ప ఇంకేదీ ముట్టనివ్వని మా అత్తయ్య రాజరత్నం, ఇరవై ఒకటో రోజున బావిలో చేద వేయించి, మధ్యాహ్నానికల్లా నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టింది. పొయ్యి దగ్గర మాత్రం పథ్యం అడ్డు రాలేదు. చంటివాడు ఏడుస్తుంటే, "ముందు కొట్లోకి మజ్జిగ పంపు, బేరగాళ్లు కూర్చున్నారు, వాడెక్కడికీ పోడు" అనేది. నాలుగో నెలకే నాకు పాలు ఇంకిపోయాయి. అది నా ఒంటి దోషమన్నారు.

నా పెద్దవాడు పదకొండు నెలలు బతికాడు. తర్వాతి ఆడపిల్ల తొమ్మిది నెలలు. వాళ్ల పేర్లు రాయబోయాను, చెయ్యి సాగలేదు, వదిలేస్తున్నాను. ఇద్దరికీ ఒకటే తిండి పెట్టాను. మరలో తెల్లగా తోమిన సన్నబియ్యం గంజి, అదీ పైన తేరిన తేట. లేదంటే మా ఆయన గుంటూరు నుంచి తెచ్చిన సీమ పాలపొడి. ఆ డబ్బా అత్తయ్య గదిలో ఉండేది. పెద్ద గ్లాసుడు నీళ్లకు ఒక చెంచా పొడి వేసి ఇచ్చేది. "ఇంకాస్త చిక్కగా కలపండి అత్తయ్యా" అని ఒకసారి అన్నాను. "డబ్బా చెట్టుకు కాస్తదా? చిక్కటి పాలు పోస్తే కడుపు చెడుద్ది, నీకేం తెలుసు" అంది. సజ్జలో, జొన్నలో, ఏదైనా పిండి కాచి పోద్దామా అని, పని వాళ్లు తమ పిల్లలకు పెట్టడం చూసి అత్తయ్యను అడిగాను. "మనిళ్లల్లో పిల్లలకి మోటు తిండి పెట్టడమేంది? కూలోళ్ల కడుపులు వేరు, మన పిల్లల కడుపులు వేరు" అంది. పిల్లలకు పాదాలు పొంగాయి, జుట్టు ఎర్రబారింది, విరేచనాలు పట్టుకున్నాయి. కడుపు మాడిస్తే అదే కట్టుకుంటుందని ఆ గంజి తేట కూడా మాన్పించారు. పక్షిదోషం అన్నారు, తాయెత్తు కట్టారు. మా ఆయన్ని అడిగితే, "ఆడోళ్ల సంగతులు నాకేం తెలుసే, అమ్మ చెప్పినట్టు చెయ్యి" అన్నారు. రెండోది పోయిన రోజున ఆయన ఏడ్చారు. అబద్ధం చెప్పను, నిజంగానే ఏడ్చారు. మరునాడు కొట్టు తెరిచారు. అత్తయ్య మాత్రం వచ్చినవాళ్లందరికీ, "బిడ్డల్ని నిలుపుకునే కడుపు కాదు దీనిది" అని చెప్పుకుంది.

మూడోవాడు పుట్టాక అత్తయ్య సోది చెప్పే ఎరుకలామెను పిలిపించింది. ఆవిడ చెప్పిన మొక్కు ఇది. బిడ్డను ఈ ఇంటి బిడ్డగా పెంచకూడదు, బిచ్చగత్తె బిడ్డగా పెంచాలి. పేరు భిక్షాలు. ఆరో నెల నుంచి కోటప్పకొండ మీద పుట్టువెంట్రుకలు తీయించేదాకా ఈ ఇంటి గింజ వాడి నోట్లో పడకూడదు. ప్రతి సోమవారం తల్లి బిడ్డను చంకనేసుకుని, ఒళ్లొంచి బతికే వాళ్ల ఐదిళ్ల ముందు కొంగు పట్టాలి. ఆ గింజలతోనే వాడి తిండి. అడిగినప్పుడు ఆ ఇంటివాళ్లు లేదనకూడదు. పుచ్చుకున్నది మళ్లీ ఆ ఇంటికి ఏ రూపంలోనూ వెళ్లకూడదు. వెళితే బిడ్డ దక్కడు. పచ్చి గింజకు మైల లేదు కాబట్టి ఎవరింటిదైనా ఫరవాలేదని పురోహితుడు కూడా తలూపాడు. మా ఇంట్లో పుట్టిన బిడ్డలంటే చావుకు మోజట. బిచ్చగత్తె బిడ్డనైతే చూసీ చూడనట్టు పోతుందట. ఎలుకలు తిన్నా తరగనంత ధాన్యం ఉన్న ఇంటి కోడలు, పూట గడవని వాళ్ల గుడిసెల ముందు అడుక్కోవాలి. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. అయినా బిడ్డ దక్కుతాడంటే నేను బజారు బజారంతా అడుక్కునేదాన్ని.

తారణ సంవత్సరం కార్తీకంలో, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, మొదటి సోమవారం బయలుదేరాను. "నగలు తీసి పో. బిచ్చమంటే బిచ్చంలాగే ఉండాల" అంది అత్తయ్య. "ముఖం మీదకి కొంగు లాక్కో. మన బేరగాళ్లు చూస్తే కొట్టుకు అప్రదిష్ట" అన్నారు మా ఆయన. రైలు కట్టకు అవతల హమాలీల గుడిసెల వరస. మొదటిల్లు జట్కా తోలే ఇమాం సాహెబ్‌ది, వాళ్లింట్లో జొన్నలు పోశారు. తర్వాతి ఇళ్లల్లో కొర్రలు, పెసలు, మళ్లీ జొన్నలు. చివరిది చెన్నమ్మ గుడిసె. చెన్నమ్మ నాకంటే పదేళ్లు పెద్దది. ఆమె మొగుడు చిన్నకోటయ్య మా గోడౌనులో మూటలు మోసేవాడు. ఆమె మా పెరట్లో ధాన్యం చెరిగేది. సాయంత్రం కూలి కింద సజ్జలు కొలిచి ఇచ్చేవారు. అంటే మా ఇంటి నుంచి వెళ్లిన సజ్జలే తిరిగి నా కొంగులో పడి మా ఇంటికి వచ్చేవి. ఈ ఇంటి గింజ పనికిరాదన్నారు కదా అని అడిగితే, కష్టపడి తీసుకెళ్లాక అది వాళ్ల గింజే అయిందని పురోహితుడు చెప్పాడు. అప్పట్లో నాకిదంతా తమాషాగా ఉండేది.

"ఏందమ్మా, నువ్వొచ్చి నా గుమ్మం ముందర కొంగు పడతా ఉంటే నాకే సిగ్గుగా ఉంది" అంది చెన్నమ్మ. అంటూనే రెండు దోసిళ్ల సజ్జలు కుప్పగా పోసింది. ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని ఒక పిల్ల లేచి నిలబడింది. పది నెలలుంటాయి. తొడల మీద మడతలు, నల్లటి ఉంగరాల జుట్టు, పిడికిట్లో సగం చీకిన కుడుము. దాని పేరు ఎల్లమ్మ, ఎల్లి అనేవాళ్లు. అది నా చంకలోని బిడ్డను చూసి కుడుము వాడి నోటి దగ్గరికి చాపింది. "పెట్టు, తమ్ముడికి పెట్టు" అని నవ్వి, అంతలోనే చెన్నమ్మ దాని చెయ్యి వెనక్కి లాగింది. "ఎంగిలమ్మా. మీ అత్తగారు చూసిందంటే నన్ను చీరేస్తది" అంది. నేను ఆ పిల్ల తొడలనే చూస్తున్నాను. నా పిల్లలిద్దరికీ తొడల మీద మడత పడటం నేను ఎన్నడూ ఎరగను.

మరునాడు పెరట్లో ఆమె చెరుగుతుంటే పక్కన కూర్చుని అడిగాను. చేట ఆపకుండానే చెప్పింది. "సజ్జ మోటుదని ఎవరు చెప్పారమ్మా? మొలక రానిచ్చావంటే అది చంటిపిల్లల తిండే. పైగా చవక. బియ్యంలో బలమంతా మరలో తోమి తవుడు గేదెకు పోస్తారు, తెల్లగా మిగిలింది బిడ్డకు పోస్తారు. మీ గేదె చూడు ఎట్టా నిగనిగలాడతా ఉందో." నేను నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. ఆమె చేట పక్కన పెట్టి, చుట్టూ చూసి, నా వీపు మీద చెయ్యి వేసింది. ముట్టుకోకూడదని ఇద్దరం మరిచిపోయాం. ఆ నెలంతా ఆమె నాకు ఒక్కొక్కటే నేర్పింది. మొలక ఎంత పొడవు రానివ్వాలో, పెంకు ఎప్పుడు దించాలో, పిండి బాగా జల్లించకపోతే బిడ్డ గొంతుకు ఎట్లా అడ్డం పడుతుందో, బెల్లం ఎక్కువైతే విరేచనాలు ఎట్లా పడతాయో. "ఒకేసారి నోట్లో కుక్కమాకమ్మా. వాడు తల తిప్పాడంటే చాలనే" అంది. ఏ డాక్టరూ, ఏ పురోహితుడూ నాకు ఇంత శ్రద్ధగా ఒక సంగతి చెప్పలేదు.

భిక్షాలు బోర్లాపడ్డాడు, పాకాడు, పళ్లు వచ్చాయి. నా రెండో పిల్ల పోయిన తొమ్మిదో నెల దాటాడు, పెద్దవాడు పోయిన పదకొండో నెల దాటాడు. ఆ నెల గడిచిన రోజున నేను స్నానాల గదిలో తలుపేసుకుని చాలాసేపు కూర్చున్నాను. అత్తయ్య ఊరంతా చెప్పుకుంది, సోది ఫలించిందని. నేను రాత్రంతా నానబెట్టి, పగలంతా విసిరి, కాచి, ఉడికించి పెట్టినదాని గురించి ఎవరూ అనుకోలేదు. "మొక్కు మహిమ" అన్నారు మా ఆయన, వాడి బుగ్గ పట్టుకుని. మొలక సజ్జలండీ అన్నాను. "ఏ గింజైతే ఏందే, అడుక్కొచ్చిందయితే చాలు" అన్నారు.

అంతలో కంట్రోలు రోజులు ముదిరాయి. ధాన్యం సర్కారు వాళ్లకు అప్పజెప్పాలన్నారు. మా వాళ్లు కొంత అప్పజెప్పి, మిగతా మూటలు గోడౌను లోపలి గదిలో పేర్చి, తలుపుకు అడ్డంగా ఖాళీ గోతాలు గుట్టపోశారు. "గింజ దొరకడమే గగనంగా ఉంది" అని చెప్పి అత్తయ్య చెరిగేవాళ్ల కూలి సగానికి కోసింది. చెన్నమ్మ సోమవారం నా కొంగులో రెండు దోసిళ్ల బదులు ఒక దోసెడు పోసింది. ఉగాది నాటికి పిడికెడు. ఎండలు ముదిరేసరికి ఆమె చెయ్యి కుండ అడుగున గీరుకుంటున్న చప్పుడు గుమ్మం బయటికి వినిపించేది. మిగతా నాలుగిళ్లల్లోనూ పిడికెడే పోస్తున్నారు, కానీ ఆ ఇళ్లల్లో చంటిపిల్లలు లేరు. ఎల్లి నడవడం నేర్చింది, తర్వాత నడవడం మానేసి గడప దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. చేతిలో కుడుము కనిపించడం మానేసింది.

నేను చూశాను. ఈ మాట రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. కుండ చప్పుడు విన్నాను, ఎల్లి మెడ సన్నబడటం చూశాను, చూసి కొంగు పట్టాను. నా బిడ్డ చంకలో బరువుగా ఉన్నాడు. ఆ బరువు నాకెంత ఇష్టంగా ఉండేదంటే, ఇంక దేని గురించీ ఆలోచించాలని అనిపించలేదు. లేకపోతే తనే చెబుతుందిలే అనుకున్నాను. చెన్నమ్మకు నేనంటే ప్రేమ, ఇద్దరు పోయినదాన్నని జాలి, అందుకే తను తగ్గించుకుని నాకు పోస్తోందనుకున్నాను. ఒకరి ప్రేమ అనుకుంటే పుచ్చుకోవడం సులువుగా ఉంటుంది. ఇంట్లో అందరూ నా చేత ఊడిగం చేయించుకుని అది నా ప్రేమ అనుకుంటారని లోపల్లోపల మండిపడేదాన్ని. చెన్నమ్మ దగ్గర నేను చేసింది కూడా అదే.

ఆషాఢంలో ఒక సోమవారం ఆమె పోసిన గింజలు నా కొంగులో బూడిద రాల్చాయి. పురుగు పట్టకుండా బూడిద కలిపి దాచుకునే విత్తనపు గింజలవి. వాన పడితే వాళ్ల కౌలు చెక్కలో చల్లుకోవాల్సినవి. "ఎల్లి ఏదీ?" అన్నాను. చెన్నమ్మ గుడిసె లోపలికి చూసింది. నేను ఆ గడప ఏనాడూ దాటలేదు. ఆ రోజు తల వంచి లోపలికి వెళ్లాను. గోనెపట్టా మీద ఎల్లి పడుకుని ఉంది. పాదాలు పొంగి నున్నగా ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడింది, ఆ గుంట పడినట్టే ఉండిపోయింది. జుట్టు ఎర్రబారింది. నన్ను చూసింది, కానీ చూడాలన్న ఆసక్తి ఆ కళ్లల్లో లేదు.

ఆ పాదాలు నాకు తెలుసు. నా పెద్దవాడి పాదాలు అట్లాగే ఉండేవి. ఆ జుట్టు నాకు తెలుసు. నా చిన్నదానికి దువ్వుతుంటే అట్లాగే ఎర్రగా చేతికి ఊడివచ్చేది. పక్షిదోషం అన్నారు, నా కడుపు దోషం అన్నారు, నా పాల దోషం అన్నారు. మూడేళ్లు ఆ మాటలన్నీ నమ్మి, నేనే ఏదో పాపం చేశాననుకుని వారానికి మూడు ఉపవాసాలుండేదాన్ని. అవేవీ కాదు. ఆకలి. ధాన్యం మూటల నడుమ, చుట్టూ పన్నెండు మంది ఉన్న ఇంట్లో, నా పిల్లలిద్దరూ ఆకలితో పోయారు. ఆ సంగతి నాకు చెన్నమ్మ గుడిసెలో, ఇంకొకరి బిడ్డ పాదం పట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది.

"లేవని ఒక్కమాట అనలేకపోయావా చెన్నమ్మా?" అన్నాను.

"ఎట్టా అనేదమ్మా. కార్తీకంలోనే మీ అత్తగారు మా ఇంటాయన్ని పిలిపించి చెప్పింది. ఒక్క సోమారం లేదన్నారంటే మళ్లీ గోడౌన్లో మూట ముట్టొద్దని. నాకూ చెరిగే పని ఉండదంది. మీ బిడ్డకేమన్నా అయితే మాదే పాపమంది. నీకు తెలుసనుకున్నా."

"నాకు తెలియదు."

"నీకెందుకు తెలుస్తదిలే" అంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఇంత కుమిలిపోయేదాన్ని కాదేమో. నాకు తెలియదన్నది నిజమే, కానీ తెలుసుకోవాలని ఎనిమిది నెలల్లో ఒక్కరోజూ అనుకోలేదన్నది అంతకన్నా నిజం.

ఇంటికి వెళ్లి, డబ్బాలో ఉన్న పిండితో జావ కాచి, చెంబులో పోసుకుని, భిక్షాలును చంకనేసుకుని మళ్లీ బయలుదేరాను. చెన్నమ్మ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"వద్దమ్మా. మా ఇంటి గింజ తిరిగి మా ఇంటికి రాకూడదంటగా. వస్తే నీ పిల్లోడు దక్కడంటగా."

"ఏమీ కాదు."

"నీకెట్టా తెలుసు? ఇద్దరు పోయినదానివి. వాడిక్కూడా ఏమన్నా అయిందంటే నేను చూడలేను. నీ మొహం చూడలేను."

నాకెట్లా తెలుసు? నాకు తెలియదు. ఆకలి సంగతి అర్థమైంది కానీ, మొక్కు అబద్ధమని చెప్పేంత ధైర్యం నాలో ఎక్కడుంది. పద్నాలుగు నెలల వాడు చంకలో నా మంగళసూత్రం పట్టుకుని ఆడుతున్నాడు. వాడి తల వాసన చూశాను. తిరిగి వెళ్లిపోదామా అని ఒక్క క్షణం కాదు, చాలాసేపు అనుకున్నాను. ఆమె అడ్డం పెట్టిన చెయ్యి తీయలేదు. తన బిడ్డ లోపల అట్లా ఉంటే, ఈమె నా బిడ్డ కోసం అడ్డం నిలబడింది. నేను ఆ చేతి కిందుగా వంగి లోపలికి వెళ్లి, ఎల్లిని ఒళ్లో వేసుకున్నాను. రెండు చెంచాలు మింగింది.

ఆ సాయంత్రమే భిక్షాలుకు ఒళ్లు వెచ్చబడింది. అత్తయ్య దిష్టి తీస్తుంటే నేను మూల నిలబడి, నా చేతులారా వీణ్ణి కూడా పోగొట్టుకుంటున్నానా అని రాత్రంతా చచ్చిపోయాను. తెల్లారినా జ్వరం దిగలేదు. అయినా పొయ్యి మీద జావ పెట్టాను. కదిలించే చెయ్యి కదులుతూనే ఉంది, నేనే కదిలిస్తున్నానని నాకు తెలియదు. వాణ్ణి అత్తయ్య ఒళ్లో వదిలి, గుడికని చెప్పి వెళ్లాను. ఎల్లి నాలుగు చెంచాలు మింగి నా వేలు పట్టుకుంది. నేను సంబరపడిపోయి, "చూడు చెన్నమ్మక్కా, పట్టుకుంది" అన్నాను. మూడో రోజు భిక్షాలుకు దవడ పన్ను బయటపడి జ్వరం దిగింది. అదే రోజు ఎల్లి నోరు తెరవలేదు. పోసింది పోసినట్టే పక్కకు కారింది. శుక్రవారం పొద్దున పోయింది. చెన్నమ్మ గట్టిగా ఏడవలేదు. బిడ్డ మూతికి అంటిన జావ కొంగుతో తుడిచింది, తుడిచిందే తుడిచింది.

తర్వాతి సోమవారం అత్తయ్య ఆకూ వక్కా వేసుకుంటూ, "చిన్నకోటయ్య ఇంట్లో మైలంటగా. ఈ వారానికి దాని పక్క గుడిసె అడుగు. ఐదు తక్కువ కాకూడదు" అంది.

"అట్లాగే అత్తయ్యా" అన్నాను.

నగలు తీసి, ముఖం మీదకి కొంగు లాక్కుని, బిడ్డను చంకనేసుకుని వీధిలోకి వెళ్లాను. సందు తిరిగి పెరటి వైపు నుంచి గోడౌనులోకి వచ్చాను. ఖాళీ గోతాలు జరిపి, లోపలి గదిలో మొదటి మూట కుట్టు విప్పి, నా కొంగు నిండా సజ్జలు పోసుకున్నాను. నా భర్త ఇంట్లో నేను దొంగతనం చేసిన మొదటి రోజు అది. ఆ రోజు నుంచి నేను ఎవరి గుమ్మం ముందూ అడగలేదు. నా బిడ్డ మా ఇంటి గింజే తిన్నాడు, వాడికేమీ కాలేదు. రాత్రి నానబెట్టేవి రెట్టింపయ్యాయి. వాడికో వాటా తీసి, మిగతా కుడుములు మూటగట్టుకుని సోమవారం సోమవారం గుడిసెల వరసంతా తిరిగేదాన్ని. ఊరికి మాత్రం మొక్కు తీర్చుకుంటున్న కోడలే కనిపించేది. అందరిళ్లల్లో పిల్లలు చేతులు చాపేవాళ్లు. చెన్నమ్మ గుమ్మం ముందు ఆగేదాన్ని. ఆమె బయటికి వచ్చేది కాదు. పదకొండో రోజుకే మా పెరట్లోకి పనికి వచ్చింది, చేట పట్టుకుంది, తల ఎత్తి నా వైపు చూడటం మాత్రం మానేసింది. అక్కా అని పిలిచాను, పలకలేదు. పలకమని అడిగే హక్కు నాకు లేదు.

మూడో ఏడు రాగానే కోటప్పకొండ మీద భిక్షాలుకు పుట్టువెంట్రుకలు తీయించారు. బంధువులందరూ వచ్చారు. చిన్నకోటయ్య సామాన్లు మోసుకొచ్చాడు, చెన్నమ్మను గిన్నెలు తోమడానికి తీసుకొచ్చారు. మంగలి కత్తి నూరుతున్నాడు. భిక్షాలు నా ఒళ్లో కూర్చుని కుడుము చీక్కుంటున్నాడు. తొడల మీద మడతలు. అత్తయ్య పట్టుచీర కట్టుకుని, సోది ఎట్లా ఫలించిందో, కోడలి చేత తను ఎంత నిష్ఠగా భిక్ష ఎత్తించిందో వచ్చినవాళ్లకు చెబుతోంది. మాచర్ల నుంచి వచ్చిన మా ఆయన పెద్దమ్మ సుబ్బులమ్మగారికి చెవుడు, జ్ఞాపకం తక్కువ. ఆవిడ నా పక్కకు జరిగి, వాడి తల నిమిరి, గట్టిగా అడిగింది.

"చానా ముద్దుగా ఉన్నాడే. వీడికి ముందు ఎంతమంది పోయారే నీకు?"

అవతల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నేను గొంతు పెంచి చెప్పాను.

"ముగ్గురు, పెద్దమ్మా."

అత్తయ్య నవ్వింది. "మతిపోయిందా ఏమే? ఇద్దరేగా."

"ముగ్గురే అత్తయ్యా. పెద్దవాడు, చిన్నది, చెన్నమ్మక్క కూతురు ఎల్లి. ముగ్గురూ ఆకలితోనే పోయారు" అన్నాను. గిన్నెల చప్పుడు ఆగింది. "మూడోదాని నోటి దగ్గర కూడు నేనే అడుక్కొచ్చాను."